గెజిటెడ్ గాటు

సాగర వినోద సంస్థ కార్యదర్శి గారి ఫోనుకు ఒక సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఒక వీడియో వచ్చింది. ఏదో దేశంలో కొందరు వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుని, సముద్రం అడుగున కూర్చుని, కత్తులతో గుమ్మడికాయలు చెక్కుతున్నారు. ఒకాయన గుమ్మడికాయకు కళ్లు పెట్టాడు. ఇంకొకాయన పళ్లు పెట్టాడు. వీడియో నిడివి నలభై సెకన్లు. కార్యదర్శి దాన్ని చివరిదాకా చూశారో లేదో తెలియదు. జిల్లా అధికారుల వాట్సాప్ గ్రూపులోకి పంపి, కింద ఒక బొటనవేలు బొమ్మ పెట్టారు.

గవ్వలపేట ప్రాజెక్టు డైరెక్టరు కలవచర్ల భానుమూర్తి ఆ బొటనవేలును పదకొండుంబావుకు చూశారు. పన్నెండుకల్లా ఫైలు తెరిచారు. మొదటి పేజీలో ఇలా ఉంది: 'సూచిక: గౌరవ కార్యదర్శి వారి బొటనవేలు, ఈ దినము.'

"బొటనవేలంటే ఆదేశమేనంటారా సార్?" అని సూపరింటెండెంటు పేర్రాజు అడిగాడు. ఆయనది ముప్పై ఏళ్ల సర్వీసు. సందేహాలు అడగడం తప్ప తీర్చడం ఆయన పని కాదు.

"వద్దనుకుంటే దండం బొమ్మ పెట్టేవారు. బొటనవేలు పెట్టారంటే మొదలెట్టమనే. ఇరవై నాలుగో తేదీన వారెలాగూ మన బీచికి వస్తున్నారు. ఆ రోజే పోటీ."

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. 'నీటి అడుగున గుమ్మడికాయ చెక్కుట' గుర్తింపు పొందిన జలక్రీడ అయింది. ఈ క్రీడను రాష్ట్రంలో ఇంతవరకు ఎవరూ ఆడలేదు కనుక, ఇందులో పాల్గొన్నవారందరినీ రాష్ట్ర స్థాయి క్రీడాకారులుగా పరిగణించవలెనని అందులో రాశారు.

ఆ ఉత్తర్వును నోటీసు బోర్డు మీద మొదట చదివింది సూరాడ నూకరత్నం.

నూకరత్నం గవ్వలపేట బీచిలో కాంట్రాక్టు మీద పనిచేసే గజ ఈతగత్తె. పదకొండేళ్లలో నలభై ఒక్కమందిని సముద్రంలోంచి ప్రాణాలతో బయటికి తెచ్చింది. ఆ ఉద్యోగం పర్మనెంటు చేస్తూ ఒక పోస్టు పడింది. దానికి రెండు షరతులు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. గుర్తింపు పొందిన జలక్రీడలో రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ ఉండాలి. ఆమెకు ముప్పయ్యో తేదీతో ముప్పై అయిదు నిండుతాయి. సర్టిఫికెట్ లేదు.

ఆమె భానుమూర్తి గదిలోకి వెళ్లి నిలబడింది.

"సారూ, నాను నలభై ఒక్కమందిని తీసినాను గద. అది లెక్కలోకి రాదేటి?"

"అది సేవ అమ్మా. క్రీడ కాదు. క్రీడ అంటే కాలపరిమితి ఉండాలి, న్యాయనిర్ణేత ఉండాలి, ప్రత్యర్థి ఉండాలి."

"సముద్రం ఉంది గద సారూ."

"సముద్రం పేరు నమోదు చేయించుకోలేదు."



"అయితే మనుషుల్ని తీస్తే ఇవ్వరు. గుమ్మడికాయ కోస్తే ఇస్తారు."

"కోస్తే కాదు. చెక్కితే," అన్నారు భానుమూర్తి.

ఆమె దరఖాస్తు పెట్టింది. మిగతా జిల్లాల నుంచి ఐదుగురు మగవాళ్లు పెట్టారు. మొత్తం ఆరుగురు.

గుమ్మడికాయలు రైతుబజారులో కొట్టున్న సింహాద్రి సరఫరా చేశాడు. పన్నెండు కాయలు. పోటీకి పదిహేను రోజుల ముందు వాటిని మోటారు బోటులో తీసుకెళ్లి, అధికారుల సమక్షంలో సముద్రంలోకి వదిలారు. పన్నెండూ తేలాయి. అరగంటలో పక్క ఊరి ఒడ్డుకు చేరాయి. ఆ మధ్యాహ్నం పక్క ఊళ్లో పన్నెండు ఇళ్లవాళ్లు పులుసు పెట్టుకున్నారు.

మర్నాడు సింహాద్రికి మెమో అందింది. 'మీరు సరఫరా చేసిన గుమ్మడికాయలు నీటియందు మునగక, తేలుచు, కార్యాలయ ఉద్దేశమునకు విరుద్ధముగా ప్రవర్తించినవి. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

సింహాద్రి మెమో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"బాబూ, గుమ్మడికాయ తేల్తాది. మా తాత అమ్మిన కాయా తేలింది, మా నాయన అమ్మిన కాయా తేలింది. మునిగీది కావాలంటే కంద తెస్తాను."

"వీడియోలో ఉన్నది గుమ్మడికాయ," అన్నారు భానుమూర్తి. "అది అడుగునే ఉంది."

"అయితే ఆ గుమ్మడికాయకి ఇయ్యండి మెమో. ఎలా మునిగావే అని."

వరండాలో ఉన్న నూకరత్నం తలుపు దగ్గరికి వచ్చింది. "దానికేటి సారూ, ఒక్కో కాయకి ఒక్కో ఇసక బస్తా కట్టీయండి. ఊరుకుంటాది."

"ఇసుక తీయాలంటే గనుల శాఖ అనుమతి కావాలి."

"బీచిలో ఉన్నాం సారూ."

"అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి."

పేర్రాజు గొంతు సవరించుకున్నాడు. "సార్, మన స్టోరు గదిలో పాత తెలుగు టైపు మిషన్లు పన్నెండున్నాయి. ఒక్కొక్కటి పద్నాలుగు కిలోలు."

"అవి పనికిరావని కండెమ్ చేసినవి కదయ్యా. బయటికి పంపాలంటే కమిటీ వెయ్యాలి."

"మనం బయటికి పంపడం లేదు సార్. లోపలికి పంపుతున్నాం."

భానుమూర్తి సంతకం పెట్టారు. సింహాద్రి కొత్త కాయలు తెచ్చాడు. ఒక్కో గుమ్మడికాయకు రెండు మూరల తాడు, తాడు చివర ఒక టైపు మిషను. ఈసారి వదిలితే గుమ్మడికాయలు ఆరు మీటర్ల లోతున, ఇసుకకు కొంచెం పైన, నిటారుగా నిలిచాయి. పేర్రాజు స్టాకు రిజిస్టరులో టైపు మిషన్ల ఎదురుగా 'ఉన్నవి, తడిగా' అని రాశాడు.

అంతా సిద్ధమయ్యాక పేర్రాజుకు ఇంకో సందేహం వచ్చింది.

"సార్, నిండు గుమ్మడికాయకి ఆడవాళ్లు ముందు కత్తి పెట్టకూడదు కదండీ. మా ఆవిడైతే నేను ఇంటికెళ్లి ఒక గాటు పెట్టేదాకా కాయ ముట్టుకోదు. ఇక్కడేమో కార్యదర్శి గారు ఉంటారు, ఊరంతా ఉంటుంది. రేపు ఎవరికన్నా జలుబు చేసినా మనమీదే పెడతారు."

నూకరత్నాన్ని పిలిచి అడిగారు.

"నిజమే సారూ. మా ఇంట్లో మగోళ్లు లేరు. పక్కింటి తాతని నిద్ర లేపి ఒక గాటు పెట్టిస్తాం, తరవాత మేం కోసుకుంటాం. మీరూ అలాగే ఒడ్డున ఎవరిచేతన్నా ఒక గాటు పెట్టించి ఇచ్చీండి."

"కుదరదు. ఆరో నిబంధన ప్రకారం నీటిలోకి దిగేటప్పుడు కాయ నిండుగా ఉండాలి."

"అయితే లోపల ఆ అయిదుగురిలో ఒకడు పెడతాడు."

"వాళ్లు ప్రత్యర్థులు. ప్రత్యర్థి గాటు వేస్తే సహాయం పొందినట్టవుతుంది. అనర్హత."

నూకరత్నాన్ని పోటీనుంచి తప్పిస్తే సరిపోతుందేమోనని భానుమూర్తి ఆలోచించారు. కానీ గుర్తింపు ఉత్తర్వులోనే 'కనీసం ఒక మహిళ' అని ఆయనే రాశారు. జిల్లాలోనూ రాష్ట్రంలోనూ సిలిండరు కట్టుకుని దిగే మహిళ ఆమె ఒక్కతే. ఆమె లేకపోతే పోటీ లేదు. పోటీ లేకపోతే బొటనవేలును ధిక్కరించినట్టు.

దాంతో పద్నాలుగో నిబంధన వచ్చింది. 'మహిళా అభ్యర్థి గుమ్మడికాయకు తొలి గాటును పోటీతో సంబంధం లేని పురుషుడు నీటి అడుగున వేయవలెను. గాటు పడినట్లు గెజిటెడ్ అధికారి అక్కడికక్కడే ధ్రువీకరించవలెను.'

"ఇద్దరెందుకు సార్ దిగడం?" అన్నాడు పేర్రాజు. "గెజిటెడ్ అధికారే గాటు వేసేస్తే ధ్రువీకరణ కూడా అయిపోతుంది."

"బాగుంది. మన ఆఫీసులో గెజిటెడ్ అధికారి ఎవరు?"

పేర్రాజు బల్ల మీది భానుమూర్తి పేరు పలకను ఆయన వైపే తిప్పాడు.

భానుమూర్తి ఏడేళ్లుగా ఇక్కడ సాగర క్రీడలు చూస్తున్న అధికారి. ఆయన గది కిటికీ సముద్రం వైపు ఉంటుంది. తెర ఎప్పుడూ వేసే ఉంటుంది. ఆ ఏడేళ్లలో సముద్రం ఆయన చీలమండ దాటిన దాఖలా లేదు. ఆయనకు ఈత రాదు.

శిక్షణ ఆఫీసు ఆవరణలోని సంపులో మొదలైంది. లోతు అయిదడుగులు. భానుమూర్తి తువ్వాలు కట్టుకుని, సిలిండరు తగిలించుకుని దిగారు. నూకరత్నం పక్కన నిలబడింది. పేర్రాజు మినిట్స్ పుస్తకంతో గట్టు మీద కూర్చున్నాడు.

"నోటితో పీల్చండి సారూ. నోటితోనే ఒగ్గండి. ముక్కుని మరిచిపోండి."

"ఈ బటను దేనికి?"

"అది గాలి జాకెట్టుది. నొక్కితే జాకెట్టు ఉబ్బి పైకి లేపీస్తాది. దాన్ని ముట్టుకోకండి."

"ముట్టుకోను."

"ఇంకొక్క మాట. ఏదన్నా అయి జోరుగా పైకి వచ్చీసినారనుకోండి, ఊపిరి బిగబట్టకండి. దారంతా 'ఆ' అంటా రండి. బిగబడితే ఊపిరితిత్తులు పగిలిపోతాయి."

"అధికారి అలా అరుస్తూ రావడం హుందాగా ఉంటుందా?"

"పగిలిపోవడం ఉంటాదేటి సారూ?"

భానుమూర్తి 'ఆ' అభ్యాసం చేశారు. మొదటి రోజు చిన్నగా వచ్చింది. నాలుగో రోజుకు వీధిలోకి వినిపించింది.

శిక్షణ వల్ల ఆఫీసు పని ఆగకూడదు కనుక పేర్రాజు ఫైళ్లను సంపు దగ్గరికే తెచ్చి, నీటి మీదికి వంగి చదివేవాడు. భానుమూర్తి కిందనుంచి బుడగలు వదిలేవారు. మూడు బుడగలు వస్తే 'చర్చించి ఆమోదించడమైనది' అని రాసుకునేవాడు. ఆ మూడు బుడగలకు అర్థం 'నన్ను పైకి తీయండి' అని తర్వాత తెలిసింది. అప్పటికి తొమ్మిది ఫైళ్లు ఆమోదం పొందాయి. వాటిలో ఒకదాని ప్రకారం గవ్వలపేట బీచిలో గొడుగులు నిషిద్ధం. ఎందుకో ఎవరికీ తెలియదు. అమలు మాత్రం జరుగుతోంది.

ఇరవై నాలుగో తేదీ ఉదయం బీచిలో షామియానా వేశారు. నీటి అడుగున కెమెరా పెట్టి, ఒడ్డున పెద్ద తెర కట్టారు. కార్యదర్శి పది గంటలకు వచ్చారు. బ్యానరు వైపు చూశారు.

"గుమ్మడికాయలేమిటయ్యా?"

"తమరి బొటనవేలు సార్," అన్నారు భానుమూర్తి. అప్పటికే ఆయన నల్లటి రబ్బరు సూటులో ఉన్నారు.

"నా వేలా?"

కార్యదర్శి తన వేలు చూసుకున్నారు. ఈలోగా విజిల్ ఊదారు. పోటీ సమయం నలభై నిమిషాలు.

ఐదుగురు మగవాళ్లు బోటు మీదనుంచి దూకి వెళ్లిపోయారు. నూకరత్నం భానుమూర్తి చెయ్యి పట్టుకుని, లంగరు తాడు వెంట ఒక్కో మూరా దించుకుంటూ వెళ్లింది. ఆరు మీటర్లు దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తెర మీద అంతా కనిపిస్తోంది. పక్కన ఐదు గుమ్మడికాయలకు అప్పటికే కళ్లు వచ్చాయి. ఒకదానికి మీసాలు కూడా వచ్చాయి.

భానుమూర్తి అడుగు చేరగానే మొదట టైపు మిషనును పట్టుకున్నారు. అది ఆయనకు తెలిసిన వస్తువు. నూకరత్నం మెల్లగా ఆయన వేళ్లు విడదీసి, గుమ్మడికాయ వైపు తిప్పింది. ఆయన ఎడమచేత్తో గుమ్మడికాయను కావలించుకున్నారు. ఆమె ఆయన కుడిచేతికి కత్తి ఇచ్చి, కాయ మీద ఎక్కడ పెట్టాలో వేలితో చూపింది.

ఆయన కళ్లు మూసుకుని గాటు వేశారు.

గాటు తాడుకు పడింది.

కాయ కదిలింది. ఆయన కత్తి వదిలేసి, కుడిచేత్తో ఏదో ఒకటి పట్టుకోబోయి జాకెట్టు బటను నొక్కారు. తెర మీద ముందు ఆయన మొహం కనిపించింది, తర్వాత నడుము, తర్వాత పాదాలు, తర్వాత ఏమీ కనిపించలేదు. టైపు మిషను మాత్రం ఉంది.

అప్పుడు సముద్రం వైపునుంచి 'ఆ' అని వినిపించింది.

భానుమూర్తి గుమ్మడికాయతో సహా నీటిపైకి వచ్చారు. ఊపిరి బిగబట్టలేదు. శిక్షణ పూర్తిగా పనిచేసింది. పైకి వచ్చాక ఆపాలని ఎవరూ చెప్పలేదు కనుక ఆయన 'ఆ' అంటూనే ఉన్నారు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. మైకు దగ్గరున్నాయన "మన డైరెక్టరు గారి ప్రత్యేక ప్రదర్శన" అని ప్రకటించాడు. సముద్రం లోపలికి లాగుతోంది. భానుమూర్తి, గుమ్మడికాయ, ఆ 'ఆ' మెల్లగా దూరమవుతున్నాయి.

నూకరత్నం నీటిపైకి వచ్చి తలెత్తే సమయానికి ఆయన వంద గజాల అవతల ఉన్నారు. బోటు ఉంది గానీ, కదిలిస్తే కింద ఐదుగురున్నారు. పోటీలో ఇంకా ఇరవై ఏడు నిమిషాలున్నాయి. బోటులో ఒక నిండు గుమ్మడికాయ అదనంగా ఉంది. దానికి గాటు పెట్టవలసిన మనిషి కొట్టుకుపోతున్నాడు.

ఆమె సిలిండరు విప్పి బోటులో పడేసి ఈదింది.

"ఒగ్గీయండి సారూ గుమ్మడికాయ. నన్ను పట్టుకోండి."

"ఒగ్గను."

"మునిగిపోరు. నానున్నాను గద."

"నువ్వు తేలతావని మెమోలో లేదు. ఇది తేలుతుందని ఉంది."

ఆమె ఆయన జాకెట్టు పట్టీ పట్టుకుని ఇద్దరినీ లాగడం మొదలెట్టింది. కొంతదూరం వచ్చాక అడిగింది. "ఇంకా టైముంది సారూ. బోటుకాడికి ఎల్దాం. ఒక్కసారి, ఒక్క గాటు."

"అమ్మా, నాకు ఇద్దరు పిల్లలు."

ఆమె మళ్లీ అడగలేదు. ఒడ్డు వైపు తిరిగింది.

వాళ్లు ఇసుక మీదికి వచ్చేసరికి రెండో విజిల్ ఊదారు. ఐదు గుమ్మడికాయలు ఒడ్డుకు చేరాయి. మీసాలున్నదానికి మొదటి బహుమతి. పేర్రాజు జాబితాలో ఆరో పేరు ఎదురుగా 'గాటు పడలేదు, పాల్గొననట్టు' అని రాసి, కింద గీత గీశాడు.

నూకరత్నం జుట్టు పిండుకుంటూ ఇసుక మీద కూర్చుంది. పక్కన నిండు గుమ్మడికాయ ఉంది.

"నలభై రెండు," అంది.

పేర్రాజు ఇంకో కాగితం తెచ్చాడు. "సార్, ఇది ప్రమాద నివేదిక. అధికారి సముద్రంలో కొట్టుకుపోతే ఇరవై నాలుగు గంటల్లో పంపాలి. మూడో కాలమ్: సదరు అధికారికి ఈత వచ్చునా?"

భానుమూర్తి తువ్వాలు కప్పుకుని ఆ మూడో కాలమ్ వైపు చూశారు. కార్యదర్శి వెనకనుంచి వచ్చి నిలబడ్డారు.

"ఏం జరిగింది భానుమూర్తీ? ప్రమాదమా?"

"కాదు సార్." భానుమూర్తి లేచి నిలబడ్డారు. "అంశం."

"ఏ అంశం?"

ఆయన గుమ్మడికాయ వైపు చూశారు. నూకరత్నం వైపు చూశారు.

"పోటీలో రెండో అంశం సార్. గుమ్మడికాయ సహిత అధికారిని ఒడ్డుకు చేర్చుట."

కార్యదర్శి తల ఊపారు. ఆయన కూడా ఎన్నో ఫైళ్లు చూసినవారు. అధికారి కొట్టుకుపోతే విచారణ ఉంటుంది. అంశమైతే బహుమతి ప్రదానం ఉంటుంది.

"టైము తీశారా?"

"ఇరవై ఆరు నిమిషాలు సార్," అన్నాడు పేర్రాజు.

"న్యాయనిర్ణేత?"

"తమరే చూశారు కదండీ."

"ప్రత్యర్థి ఎవరు?"

నూకరత్నం కూర్చున్నచోటనుంచే అంది. "సముద్రం, సారూ."

కార్యదర్శి భానుమూర్తిని చూశారు. "పేరు నమోదైందా?"

"ఇప్పుడే చేయిస్తాను సార్," అని పేర్రాజు దరఖాస్తు ఫారం తీశాడు. అభ్యర్థి పేరు: సముద్రం. తండ్రి పేరు: తెలియదు. వయసు: పరిమితికి మించినది, మినహాయింపు ఇవ్వడమైనది. చిరునామా: ఎదురుగా. సంతకం దగ్గర కాగితాన్ని అలకు అందించాడు. అల తడిపి వెళ్లింది.

ఫలితాలు మైకులో చదివారు. రెండో అంశంలో ప్రథమ స్థానం, సూరాడ నూకరత్నం. ద్వితీయ స్థానం, సముద్రం. వెండి పతకాన్ని పేర్రాజు ప్యాంటు మడుచుకుని మోకాలి లోతుదాకా వెళ్లి అందజేశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నూకరత్నం ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్‌తో పర్మనెంటు ఉద్యోగంలో చేరింది. వయోపరిమితికి ఇంకా ఒక రోజు ఉంది. జిల్లా అధికారుల వాట్సాప్ గ్రూపులో ఎవరో భానుమూర్తి గుమ్మడికాయను కావలించుకున్న ఫొటో పెట్టారు. కార్యదర్శి దాని కింద బొటనవేలు పెట్టారు. ఆ మధ్యాహ్నమే రెండో అంశాన్ని అన్ని తీర జిల్లాలకు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ప్రతి జిల్లా నుంచి ఈత రాని గెజిటెడ్ అధికారి ఒకరిని పంపాలి. ఈత వచ్చిన అధికారి ఒకాయన దొరికారు. ఆయన్ని అనర్హుడిగా ప్రకటించారు. తనకు అంత బాగా రాదని ఆయన అప్పీలు పెట్టుకున్నారు.

శిక్షకురాలు నూకరత్నం. పదకొండుమంది అధికారులు రెండోవారానికల్లా గవ్వలపేట చేరి, తువ్వాళ్లు కట్టుకుని, హోదా ప్రకారం సంపు చుట్టూ వరసగా నిలబడ్డారు.

"గట్టిగా సారూ. ఆ చివర మీరు, గొంతులోంచి కాదు. పొట్టలోంచి."

"ఆ," అన్నారు పదకొండుమంది.

వాళ్లను అలా అంటూ ఉండమని చెప్పి, ఆమె భానుమూర్తి గదిలోకి వెళ్లింది. బల్ల మీద ఫైళ్లు జరిపి, ఆ గుమ్మడికాయ పెట్టింది. పక్కన కత్తి పెట్టింది.

"పక్కింటి తాత ఊరెళ్లినాడు సారూ. అప్పట్నించీ ఇలాగే ఉంది. సాయంత్రం పులుసు పెట్టుకోవాల."

భానుమూర్తి కత్తి తీసుకున్నారు. కిటికీ తెర వేసే ఉందో లేదో ఒకసారి చూసుకున్నారు. ఈసారి కళ్లు తెరిచే, ఒకే ఒక్క గాటు వేశారు. కాయకే పడింది. జేబులోంచి పెన్ను తీసి తొక్క మీద సంతకం చేసి, తేదీ వేసి, ఆఫీసు సీలు కొట్టారు.

నూకరత్నం కాయను చంకన పెట్టుకుంది.

"సీలు ఉన్న ముక్క ఏం చెయ్యమంటారు సారూ? పులుసులో ఎయ్యొచ్చా?"

"ఫైలుకి కావాలి," అన్నారు భానుమూర్తి. "సాయంత్రం పంపించు. పులుసుతో సహా."